పూచీ యెవరిది?

ఇటీవలి కాలమున మన పత్రికలయందును, నాయకుల యుపన్యాసములయందును, సర్కారు కచేరీల ప్రత్యుత్తరములయందును ఒక వాక్యము మాటిమాటికి వినవచ్చుచున్నది. "బంతి యిప్పుడు కేంద్రము కోర్టులో నున్నది" అని రాష్ట్రమువా రందురు. "మా వంతు ముగిసినది, బంతి రాష్ట్రము కోర్టులో నున్నది" అని కేంద్రమువారు బదులు చెప్పుదురు. పురపాలకులు కంటోన్మెంటు వంక వ్రేలు చూపుదురు. కంటోన్మెంటువారు సైన్యము వంక చూపుదురు. సైన్యమువారు ఢిల్లీ వంక చూపుదురు. ఆట మిక్కిలి రక్తి కట్టుచున్నది. బంతి మాత్రము నేలను వ్రాలదు, ఎవ్వరి చేతను చిక్కదు. ఈ యాటకు టిక్కెట్టు కొనినవారు, అనగా పన్ను చెల్లించిన ప్రజలు, మెడ నటునిటు త్రిప్పి త్రిప్పి నొప్పి పుట్టి కూర్చున్నారు.

సికింద్రాబాదునకు ఉత్తరమున నున్న అల్వాల్ ప్రజలకు ఈ యాట చిరపరిచితము. ఆ యూరి కథను పిమ్మట చెప్పుదుము. ముందుగా ఈ నుడికారమునే విచారణకు నిలుపవలసియున్నది. మాటతో పనియేమి, పనితో పని గాని యని కొందఱనవచ్చును. మాట చెడిన పిమ్మటనే పని చెడుననుట మా సిద్ధాంతము. ఋణపత్రమున ఒక్క యక్షరము జాఱిన ఆస్తి జాఱునని యెఱిగిన వృత్తి మాది.

ఈ బంతి టెన్నిసు ఆటనుండి వచ్చినది. వలకు ఇరుప్రక్కల గీచిన యావరణమును ఆంగ్లేయులు కోర్టందురు. బంతి ఎవరి వైపున పడినదో వారు దానిని తిరిగి కొట్టవలెను. ఆంగ్లేయునకు ఆ చిత్రము కనులయెదుట నిలుచును. తెలుగువానికో? కోర్టనగా మనకు న్యాయస్థానము. వాయిదాలకు తిరిగి చెప్పు లరుగదీసిన మన రైతునకు ఆ మాట వేఱొక యర్థము నీయదు. కొన్నాళ్ళ క్రిందట నొక కక్షిదారుడు దినపత్రికను చేతబట్టుకొని మా కడకు వచ్చి, "వకీల్ సాబ్, మా రోడ్డు ముచ్చట కోర్టుల ఉన్నదని పేపర్ల రాసిండ్రు. ఏ కోర్టు? పేషీ ఎప్పుడు?" అని యడిగెను. ఆతని యజ్ఞానమునకు నవ్వుట సులభము. మేము నవ్వలేదు. ఏలయన నాతడు తెలియకయే సత్యమును తాకెను. ఆ బంతి యున్న కోర్టునకు న్యాయాధిపతి లేడు, పేషీ లేదు, తీర్పు లేదు. నిజమైన న్యాయస్థానమున వాది ప్రతివాదులైనను ఎవరో స్పష్టముగా తెలియును. ఇచ్చట నదియును లేదు.

ఈ బంతికి అన్న యొకడు కలడు. ఆతడు పేకాటశాలలో పుట్టినవాడు. అమెరికాలో పోకరు ఆడువారు, పంచవలసిన వంతు ఎవరిదో తెలియుటకు వానియెదుట నొక గుఱుతు నుంచెడివారు. దానికి బక్కు అని పేరు. జింకకొమ్ము పిడిగల కత్తిని ఆ గుఱుతుగా వాడుటవలన నా పేరు కలిగెనని పలువురు చెప్పుదురు. పంచుట కిష్టములేనివాడు దానిని ప్రక్కవానికి జరుపును. 1872లో వెలువడిన మార్కు ట్వేను గ్రంథము 'రఫింగ్ ఇట్'లో నీ బక్కును జరుపుట యను మాట జూదరి పలుకుగానే కానవచ్చును. ఆ పిమ్మట నది జూదశాలను వీడి కచేరీలలో ప్రవేశించెను. తన పనిని ప్రక్కవాని బల్లపైకి నెట్టు ఉద్యోగికి ఇంతకంటె తగిన యుపమానము దొరకలేదు కాబోలు!

కాని యీ కథ కుత్తరార్ధ మొకటి కలదు. 1945 అక్టోబరులో అమెరికా అధ్యక్షుడు హారీ ట్రూమనుకు ఒక చిన్న పలక కానుకగా వచ్చెను. ఓక్లహోమాలోని ఎల్ రెనో అను చోట నున్న చెఱసాలలో దానిని తయారుచేసిరి. బక్కు ఇచ్చట ఆగునని దానిపై వ్రాసియుండెను. ఆ పలక ఆయన బల్లపై నుండెడిది. 1953 జనవరిలో పదవిని వీడుచు చేసిన ప్రసంగమున, అధ్యక్షుడెవడైనను నిర్ణయింపవలసినవాడు ఆతడే యనియు, ఆ పనిని మఱియొకని మీదికి త్రోయజాలడనియు ఆయన చెప్పెను. ట్రూమను నిర్ణయములన్నియు మెచ్చదగినవని మేమనము. 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి పట్టణములను భస్మముచేసిన బాంబులను ప్రయోగించిన ప్రభుత్వమున కధిపతి యాతడే. అయినను ఆ పని సేనాధిపతులదని గాని, శాస్త్రజ్ఞులదని గాని చెప్పి యాతడు తప్పుకొనలేదు. నిందయైనను కీర్తియైనను తన బల్లకడనే నిలుచునని యొప్పుకొనెను. మనము దిగుమతి చేసికొనినది ఈ కథలో పూర్వార్ధము మాత్రమే. బంతిని నెట్టుట నేర్చితిమి. బంతి నాపు పలకను ఓడలోనే విడిచివచ్చితిమి.

మనకు మాటలకు కఱవైన యీ యెరవు క్షమింపదగినదే. కాని పూచీ విషయమున తెలుగు బీదది కాదు. మనవాడు బరువును తలకెత్తుకొనును, భుజమున వేసికొనును, నెత్తిన పెట్టుకొనును. మోయలేనిది మెడకు చుట్టుకొనును. తప్పించుకొనువాడు చేతులు దులుపుకొనును. ఈ నుడులన్నింటియందును ఒక మనుష్యుని శరీర మున్నది: తల, భుజము, మెడ, చేయి. పూచీయనగా నొకరి యొంటిమీద బరువు. ఆంగ్లమునందును భుజమునకు సంబంధించిన నుడికారములు లేకపోలేదు. వానిని మన నాయకులు కోరలేదు. బరువులేని బంతినే కోరిరి. ఇక జనులు పూచీని పలువురికి పంచి పోగొట్టుట యెట్లో కూడ మన పెద్దలు ఎఱుగుదురు. తిలా పాపము తలా పిడికెడు అనిరి. పదిమందిలో పాము చావదనిరి. పది సంవత్సరముల పాలనానుభవము కల యధికారి పది పుటలలో వ్రాయలేని సత్యమును మన ముసలమ్మ మూడు మాటలలో చెప్పినది.

న్యాయవాదికి పూచీ యను మాట నిఘంటువులోని పదము మాత్రము కాదు. ముద్దాయిని విడిపించుటకు పూచీకత్తు వ్రాసినవాడు, ముద్దాయి రానినాడు సొమ్ము చెల్లించును. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 128వ సెక్షను ప్రకారము, వేఱు కరారు లేనియెడల, పూచీదారుని బాధ్యత అసలు బాకీదారుని బాధ్యతతో సమానము. "బంతి బాకీదారుని కోర్టులో నున్నది" అని పూచీదారు చెప్పిన నే న్యాయాధిపతి యొప్పుకొనును? స్నేహితునికొఱకు నూఱురూపాయలకు చేవ్రాలుచేసిన నిరుపేద తన యిల్లమ్మి పూచీ తీర్చుకొనుచుండ, ప్రజలకొఱకు ప్రమాణముచేసి పదవినెక్కినవానికి ఏ పూచీయు లేకుండుట యే ధర్మము?

పాఠశాలలో పిల్లలకు ఒక ప్రశ్న కలదు. ఒక జాతీయమునిచ్చి దానిని సొంతవాక్యమున ప్రయోగింపుమందురు. పదవతరగతి బాలుడు రెండు మార్కులకొఱకు ఆ వాక్యమును చెమటోడ్చి కూర్చును. దానికి కర్త యుండవలెను, క్రియ యుండవలెను, అర్థముండవలెను. ఇదే ప్రశ్నను మన కార్యాలయములకు పెట్టి చూతము. బాధ్యత యను మాటను సొంతవాక్యమున ప్రయోగింపుడు! వచ్చు సమాధానములు మన యందఱి సంచులలోను ఉన్నవి: "తమ అర్జీ పరిశీలనలో ఉన్నది." "తగు చర్యలు తీసుకోబడును." "విషయము సంబంధిత శాఖ దృష్టికి తీసుకుపోబడినది." ఎవరు పరిశీలించుచున్నారు? ఎవరు చర్య తీసికొందురు? ఎవరి దృష్టి? ఏ దినమున? వాక్యము పూర్తియైనది, కర్త మాత్రము కనబడడు. తెలుగునకు సహజమైన నడక కర్తరి ప్రయోగము. రాముడు రావణుని చంపెనని మన పిల్లవాడు చెప్పును గాని, రావణుడు చంపబడెనని చెప్పి రాముని దాచిపెట్టడు. చంపినవానిని దాచుట కక్కఱ గలవాడే ఆ రెండవ వాక్యమును వ్రాయును.

కర్త లేని వాక్యముపై దావా వేయుట యసాధ్యము. హైకోర్టున రిట్టు వేయవలెనన్న ఆ విధిని నిర్వహింపవలసినవాడు ప్రతివాదిగా నుండవలెను. సివిలు ప్రొసీజరు కోడు 80వ సెక్షను ప్రకారము సర్కారుపై దావాకు ముందు రెండునెలల నోటీసు నీయవలెనన్న, దాని నందుకొను నధికారి యొకడుండవలెను. "చర్య తీసుకోబడును" అను వాక్యమున నోటీసు నందుకొనువా డెవడు? కావున న్యాయవాది భయపడి యేడుగురిని ప్రతివాదులుగా చేర్చును. ఏడుగురును ఏడు కౌంటరులు దాఖలు చేయుదురు. మొదటివాడు రెండవవానిని చూపును, రెండవవాడు మూడవవానిని చూపును, ఏడవవాడు మొదటివానిని చూపును. బంతి యొక ప్రదక్షిణము చేసివచ్చును. ఈలోగా రెండు వర్షకాలములు గడచును.

ఇక అల్వాల్ కథ. రాజీవ్ రహదారి సికింద్రాబాదునుండి కార్ఖానా, తిరుమలగిరి, లోతుకుంటలమీదుగా అల్వాలు చేరి, హకీంపేట దాటి కరీంనగరమునకు పోవును. నగరమునకు పోవలసిన అల్వాలు, బొల్లారము ప్రజలు కంటోన్మెంటు భూమిని దాటక తప్పదు. రైలుదారి దక్షిణమధ్య రైల్వేవారిది. అల్వాలు పురపాలకసంఘము 2007 ఏప్రిలులో మఱి పదకొండు పురపాలకసంఘములతోడను ఎనిమిది గ్రామపంచాయతీలతోడను కలిసి గ్రేటరు హైదరాబాదు నగరపాలకసంస్థయందు విలీనమయ్యెను. 2016 అక్టోబరునుండి రెవిన్యూ వ్యవహారములకు మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా యేర్పడెను. ఒక వీథిదీపము వెలుగకున్న దానిని వెలిగించువా డెవడో తెలిసికొనుటకు పౌరుడు పటము కొలబద్దలతో బయలుదేరవలసిన చోటిది. మే మెఱిగిన యొక సరిహద్దు వీథిలో మురుగుకాలువ పొంగినపుడు, ప్రజలు ఒక కార్యాలయమునకు పోగా నది పొరుగు కార్యాలయముదనిరి. పొరుగువారు తమ హద్దు కాలువకు జానెడీవలనే ముగిసినదనిరి. మురుగునకు మాత్రము హద్దు తెలియదు. అది యిరువైపుల యిండ్లలోను సమదృష్టితో ప్రవేశించెను.

రోడ్ల సంగతి యంతకంటె గొప్పది. గఫ్ రోడ్డు, వెల్లింగ్టన్ రోడ్డు, ఆర్డ్‌నెన్సు రోడ్డు, అమ్ముగూడ రోడ్డు, అలహాబాదు గేటు రోడ్డు: ఈ పేర్లు సికింద్రాబాదు ఉత్తరభాగమున నివసించువారికి కంఠస్థములు. భద్రతాకారణములచే స్థానిక సైనికాధికారులు వీనిలో కొన్నిటిని కొన్ని వేళల, కొన్నిటిని సంపూర్ణముగ మూసిరి. 2018 మే నెలలో కేంద్ర రక్షణశాఖ, నాటి మంత్రిణి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారి కాలమున, దేశమందలి 62 కంటోన్మెంటులలో మూసిన రోడ్లను తెఱువుమని యుత్తర్వు చేసెను. తెఱచిరి. కొన్నిటిని మరల మూసిరి. కోవిడ్ మహమ్మారి కాలమున మఱికొన్ని మూసిరి. 2021లో రాష్ట్ర పురపాలకమంత్రి శ్రీ కె. తారక రామారావుగారు కేంద్రమంత్రికి లేఖ వ్రాసిరి. 2022 మార్చిలో శాసనసభయందు ఆయనయే, రోడ్లు తెఱువనియెడల సైన్యమునకు నీరు, విద్యుత్తు నిలిపివేయుదుమని హెచ్చరించిరి. లేఖ యొకవైపు, హెచ్చరిక యొకవైపు, ఉత్తర్వు వేఱొకవైపు. ఆసుపత్రికి పోవలసిన రోగి, పరీక్షకు పోవలసిన విద్యార్థి, పనికి పోవలసిన కూలి మాత్రము చుట్టుదారియందు!

చట్టము మూగదియా? కాదు. 2006 నాటి కంటోన్మెంటుల చట్టము 258వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది: ఉన్నతాధికారి ముందనుమతి లేక బోర్డు ఏ వీథిని శాశ్వతముగ మూయరాదు, భద్రతాకారణము లేక మూయరాదు, బహిరంగ ప్రకటనచేసి ప్రజల యభ్యంతరములను, సూచనలను కోరకుండ మూయరాదు. కొన్ని రోడ్లు సైన్యముయొక్క సొంతభూమియందున్నవి గావున ఈ సెక్షను వానికి తగులదని యొక వాదము కలదు. వాదమున్న నుండనిండు. ఆ వాదమును పేరుతో, చేవ్రాలుతో, గేటుకడ నంటించిన యుత్తర్వులో వ్రాయుటకు అభ్యంతరమేమి? గేటుకడ నున్న జవాను ఎండలో నిలిచి తన విధిని తాను చేయుచున్నాడు. ఆతనితో కలహించుట పౌరునకు గౌరవము కాదు. మూయుమని చెప్పినవాని పేరు, కారణము, గడువు ఆ గేటుపై లేకపోవుటచేతనే ఆ పేద జవాను మొగముమీద ప్రజల కోపమంతయు పడుచున్నది. అత్తమీది కోపము దుత్తమీద చూపుట యన నిదియే.

అడుగుటకు ఎన్నికైన ప్రతినిధియైన నుండెనా? కంటోన్మెంటు బోర్డునకు 2015 జనవరిలో ఎనిమిదిమంది సభ్యులను ప్రజలు ఎన్నుకొనిరి. పొడిగింపులతో 2021 ఫిబ్రవరినాటికి వారి కాలము ముగిసెను. 2023 ఏప్రిలు 30వ తేదీన ఎన్నికలని ఆ ఫిబ్రవరిలో ప్రకటించి, మార్చిలోనే దానిని ఉపసంహరించిరి. ఓటరు ఓటు వేయు దినమున బంతి నిజముగా ప్రజల చేతికి వచ్చును. ఆ యొక్క దినమును తొలగించినపుడు ఆట యంతయు ఆటగాండ్రదే యైపోవును.

ఒక్క యుదాహరణము మా వాదమును చక్కగా బలపఱచును. రాజీవ్ రహదారిపై వంతెనదారి నిర్మించుటకు రక్షణశాఖ భూమి కావలసియుండెను. అనేక సంవత్సరములు లేఖలు నడచినవి. బంతి యటునిటు పోయినది. 2024 మార్చి 1వ తేదీన రక్షణశాఖ యంగీకారము తెలిపెను. 7వ తేదీన ముఖ్యమంత్రి శ్రీ రేవంత్ రెడ్డిగారు అల్వాలునందే శంకుస్థాపన చేసిరి. ఒకడు సరే యన్న పిమ్మట వారము చాలినది. దానికి ముందు గడచిన సంవత్సరముల కెవరు పూచీ? ఆ దినమున వేదికపై నెవ్వరును చెప్పలేదు, క్రింద నెవ్వరును అడుగలేదు.

పూచీ లేని యధికారము మన దేశమునకు క్రొత్త కాదు. 1765లో బంగాళమున క్లైవు ద్వంద్వప్రభుత్వమును నెలకొల్పెను. పన్ను వసూలుచేయు నధికారము కుంఫిణీది. ప్రజలను పాలించు భారము నవాబుది. ధనమున్నచోట పూచీ లేదు. పూచీయున్నచోట ధనము లేదు. 1769–70లో ఘోరక్షామము వచ్చినపుడు లక్షలకొలది ప్రజలు మడిసిరి. దానికి జవాబు చెప్పువా డొక్కడును లేడు. 1772లో వారన్ హేస్టింగ్సు ఆ యేర్పాటును తొలగించెను. 1919 చట్టము రాష్ట్రములలో మరల నొక ద్వంద్వమును తెచ్చెను. విద్య, స్థానికస్వపరిపాలనవంటివి భారతీయమంత్రుల కిచ్చి, ధనమును తెల్ల దొరల చేతియందే యుంచుకొనిరి. పని జరుగనపుడు మంత్రి ఖజానాను చూపును, ఖజానా మంత్రిని చూపును. ఆ నాటకమును చూచి విసిగినందుననే మన పెద్దలు బాధ్యతాయుత ప్రభుత్వము కావలెనని యెలుగెత్తిరి.

ఆ మాటకు ఈ తెలంగాణ నేలపై చెల్లించిన మూల్యమును మఱువరాదు. 1938లో హైదరాబాదు స్టేటు కాంగ్రెసు కోరిన దేమి? నిజాము ప్రభువు క్రిందనే యైనను ప్రజలకు జవాబుదారీయైన ప్రభుత్వము. అంతమాత్రమునకే సర్కారు దానిని నిషేధించెను. సత్యాగ్రహులు చెఱసాలలకు పోయిరి. 1946 వఱకు ఆ నిషేధము తొలగలేదు. స్వామి రామానందతీర్థవంటివారు చెఱలో గడపినది బాధ్యత యను నొక్క మాటకొఱకు. వారు చెఱసాలకు పోయి తెచ్చిన మాటను మనము టెన్నిసు మైదానమున పోగొట్టుకొనుట న్యాయమా?

ఇక మాకు వచ్చు నాక్షేపణలను విచారింతము. భాష యెరవు తెచ్చుకొనక పెరుగునా యని యొకరందురు. పెరుగదు. జవాబు, జామీను, హామీ, రోడ్డు, కోర్టు మనవి కావు; నేడు మనవే. వానిని వెడలగొట్టుమని మేము చెప్పుట లేదు. జామీనను మాట పరదేశమునుండి వచ్చియు మనలను కట్టివేసెను; బంతి యను మాట మన యింటిలో పుట్టినదే యైనను ఈ నుడికారమున మనలను విప్పి విడిచిపెట్టుచున్నది. మా కలహము మాట పుట్టుకతో కాదు, దాని నడవడితో.

అధికారముల హద్దులు నిజముగా వేఱువేఱు గదా, తనది కాని పనిని తనదని యెట్లు చెప్పునని వేఱొకరందురు. ఇది సరియైన ప్రశ్న. దీనికి సమాధానమును 2005 నాటి సమాచారహక్కు చట్టమే యిచ్చినది. ఒక యర్జీ తనకు సంబంధింపనిదైన, అధికారి దానిని త్రోసివేయరాదు. అయిదుదినములలోపల తగిన కార్యాలయమునకు తానే పంపి, పంపితినని యర్జీదారునకు వెంటనే తెలుపవలెను. సామాన్యముగా ముప్పదిదినములలో సమాధానము రావలెను. కారణము లేక జాగుచేసిన యధికారికి దినమునకు 250 రూపాయల చొప్పున 25,000 రూపాయలవఱకు జరిమానా కలదు. బంతిని నెట్టుటకును, రసీదు పుచ్చుకొని యప్పగించుటకును గల భేద మిదియే. అప్పగించినవాని పేరు, అందుకొనినవాని పేరు, తేదీ మూడును కాగితముపై నున్నచో హద్దులెన్ని యున్నను పౌరుడు దారి తప్పడు.

పెద్దపదవిలో నున్నవాడు చిన్నవాని తప్పునకు పూచీ వహించుట యాదర్శమే గాని యాచరణకు రాదని మూడవవా రందురు. వారికి మేము అమెరికా పలకను చూపము. మన మహబూబునగరమును చూపుదుము. 1956 సెప్టెంబరులో జడ్చర్ల, మహబూబునగరముల నడుమ వంతెన కూలి రైలు పడినపుడు నూఱుమందికి పైగా మరణించిరి. నాటి రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు రాజీనామా నిచ్చిరి. ప్రధాని నెహ్రూగారు స్వీకరింపలేదు. నవంబరులో మద్రాసురాష్ట్రపు అరియలూరుకడ మఱియొక ఘోరప్రమాదము జరిగెను. శాస్త్రిగారు మరల రాజీనామా నిచ్చిరి. ఈ మాఱు పట్టుబట్టి తప్పుకొనిరి. ఆయన రైలు నడపలేదు, వంతెన కట్టలేదు. ఆయన తప్పులేదని నెహ్రూగారే పార్లమెంటున చెప్పిరి. అయినను, పదవి నాది గావున పూచీ నాదని యాయన భావించిరి. బంతి ఆయన బల్లకడ ఆగెను. దానివలన ఆయన చెడలేదు. దేశము ఆయనను ప్రధానమంత్రిగా చూచెను.

పాలకులను మాత్రమే నిందించి మనము చేతులు దులుపుకొనిన, మనమును ఆ యాటలో చేరినవారమే యగుదుము. 2020 డిసెంబరులో హైదరాబాదు నగరపాలకసంస్థ కెన్నికలు జరిగినపుడు ఓటరులలో సగముమందియైనను ఓటు వేయలేదు. చెఱువులోనికి చెత్త వేసినవాడే చెఱువు కంపుకొట్టుచున్నదని యర్జీ వ్రాయును. వీథి సంఘపు సభకు రానివాడే సంఘమేమి చేయుచున్నదని యడుగును. మన సొంతవాక్యములకును కర్త యుండవలెను. "ఎవరైన చేయవలెను" అను వాక్యము "చేయబడును" అను వాక్యమునకు సొంత తమ్ముడు.

కావున మేము కోరునది నాలుగు విషయములు. మొదటిది: ప్రజలకు వచ్చు ప్రతి ప్రత్యుత్తరమునందును చేయువాని హోదా, చేయు దినము స్పష్టముగా నుండవలెను. రెండవది: మూసిన ప్రతి గేటుపై, ఎవరి యుత్తర్వు, ఏ కారణము, ఏ తేదీవఱకు అను మూడు సంగతులు తెలుగునందును వ్రాసి పెట్టవలెను. మూడవది పత్రికలకు, అందు మా పత్రికకును: బంతి యెవరి కోర్టులోనున్నదని వ్రాయుట మాని, ఏ యధికారి ఏ కాగితముపై చేవ్రాలు చేయవలసియున్నదో వ్రాయవలెను. అట్లు వ్రాయుటకు విలేకరి ఒక దినము ఎక్కువ తిరుగవలసివచ్చును, తిరుగవలెను. నాలుగవది పాఠకులకు: రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము ఏ యధికారికైనను మీ బాధను రాష్ట్రమున వాడుకలోనున్న భాషలో విన్నవించుకొను హక్కు మీకు కలదు. తెలుగుననే వ్రాయుడు. కర్తతో వ్రాయుడు. "మా వీథి బాగుచేయించవలసినదిగా కోరుచున్నాము" అని యాగక, "ఈ పనికి పూచీ యెవరిదో, ఏ దినమునకు చేయుదురో తెలుపుడు" అని వ్రాయుడు. ముప్పదిదినములు లెక్కపెట్టుడు. సమాధానములో కర్త లేకున్న మరల వ్రాయుడు.

అల్వాలులో నొక్క వీథివా రీ పద్ధతిని పట్టినచాలు, ప్రక్కవీథివారికి దారి తెలియును. బంతి నాటలో పిల్లలకు విడుతము. పూచీని పెద్దల భుజముమీద పెట్టుదము.